రిజర్వ్ పారాచూట్‌ను తనంతట తాను విడిపించే పరికరం: దూకే ముందు ఎలా సరిచూసుకోవాలి

విమానం నుంచి దూకి, పొట్ట నేలవైపు పెట్టి పడుతున్న మనిషి సెకనుకు సుమారు 53 మీటర్లు కిందికి వస్తాడు. 4,000 మీటర్ల దగ్గర తలుపు వదిలితే 1,500 మీటర్లకు చేరడానికి 50 సెకన్లు, అటూ ఇటూ. ఆ కాస్త వ్యవధిలో తోటివారితో ఢీకొని స్పృహ తప్పవచ్చు. భుజం కీలు జారి చేయి కదలకపోవచ్చు. ఎత్తు చూసుకోవడమే మరచిపోవచ్చు. సరిగా తెరుచుకోని మెయిన్ పారాచూట్‌తో పెనుగులాడుతూ నేల ఎంత దగ్గరైందో గమనించకపోవచ్చు. అలాంటి సమయంలో మనిషి చేయి పడకుండానే రిజర్వ్ పారాచూట్‌ను, అంటే అత్యవసరానికి ఉంచుకున్న రెండో పారాచూట్‌ను విడిపించే చిన్న పరికరం వీపు మీది కంటైనర్‌లో ఉంటుంది. దాన్ని స్కైడైవర్లు ఏఏడీ (ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్) అంటారు.

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఈ క్రీడ మీద ఇష్టంతో బయలుదేరేవారు రెండు రకాలు. మైసూరుకో, హర్యానాలోని నార్నౌల్‌కో వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌తో కలిపి కట్టించుకుని ఒక్కసారి దూకి వచ్చేవారు కొందరు. దుబాయిలోనో థాయిలాండ్‌లోనో కోర్సు చేసి, ఇక సొంత రిగ్, అంటే రెండు పారాచూట్లూ పట్టీలూ ఉన్న వీపు సంచి, కొనాలని చూసేవారు ఇంకొందరు. ఈ ఇద్దరి నోటా నేను తరచుగా వినే మాట ఒకటుంది: ‘ఏమైనా అయితే అదే తెరుచుకుంటుందిలే.’ ఆ ధీమా ప్రమాదకరం. ఆ పరికరం దేన్ని చూసి పనిచేస్తుందో, ఎక్కడ గుడ్డిదో, దాన్ని సరైన నేల మీద ఎలా మేల్కొలపాలో తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది. మీ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోవలసిన విషయాలివి. ఆయన దగ్గరికి వెళ్లే ముందు ఇక్కడ ఒకసారి చదువుకుని వెళితే సరైన ప్రశ్నలు అడగగలుగుతారు.

ముందుగా, దానికి ఏం తెలుసో తెలుసుకోండి

ఏఏడీకి తెలిసినవి రెండే: గాలి పీడనం ఎంత, అది ఎంత వేగంగా మారుతోంది. నేల దగ్గర సుమారు ప్రతి 8–9 మీటర్ల ఎత్తుకు పీడనం ఒక హెక్టోపాస్కల్ చొప్పున తగ్గుతుంది. ఈ లెక్కతో పరికరం ఎత్తును, ఎత్తు మారే తీరును బట్టి దిగే వేగాన్ని కనిపెడుతుంది. ఫలానా ఎత్తుకు వచ్చాక కూడా ఫలానా వేగానికి మించి పడుతున్నారని లెక్క తేలితే, లోపలి చిన్న మందుగుండు ఛార్జిని పేలుస్తుంది. ఆ పేలుడుకు కట్టర్‌లోని బ్లేడు ముందుకు దూసుకువచ్చి, రిజర్వ్ కంటైనర్‌ను మూసి ఉంచే దారాన్ని, అంటే క్లోజింగ్ లూప్‌ను తెంచుతుంది. లూప్ తెగగానే స్ప్రింగుతో నొక్కి ఉంచిన పైలట్ చూట్ అనే చిన్న పారాచూట్ బయటికి ఎగిరి, రిజర్వ్ పారాచూట్‌ను వెంట లాగుతుంది.

పరికరం పని దారం తెంచడంతో అయిపోతుంది. మడత పెట్టిన తీరు, పైలట్ చూట్‌కు దొరికే గాలి, పడుతున్న మనిషి భంగిమ, ఇవన్నీ కుదిరితేనే పారాచూట్ తెరుచుకుంటుంది. తెరుచుకోవడానికి కూడా కొంత ఎత్తు ఖర్చవుతుంది.

మన దగ్గర బావుల మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్‌ను గుర్తు చేసుకోండి. కరెంటు వచ్చిందంటే మోటారును నడిపిస్తుంది. బోరులో నీళ్లున్నాయా, పైపు ఊడిపోయిందా, పొలం అప్పటికే నిండిందా అన్నది దానికి పట్టదు. ఏఏడీ కూడా అంతే. కింద ఉన్నది చెరువా గుట్టా, మెయిన్ పారాచూట్ సగం తెరుచుకుందా, మీరు స్పృహలో ఉన్నారా, ఇవేవీ దానికి తెలియవు.

ఈ రకం పరికరాలు కొత్తవేమీ కావు. సోవియట్ దేశపు కాప్-3లో గడియారపు యంత్రమూ, పీడనానికి కదిలే అనరాయిడ్ డబ్బా కలిసి పనిచేసేవి. అలాంటి యాంత్రిక పరికరాలు చెప్పిన ఎత్తుకు బాగా అటూ ఇటూగా పనిచేసేవి కాబట్టి, అనుభవజ్ఞులు వాటిని వీపు మీద మోయడానికి ఇష్టపడేవారు కాదు. 1991లో జర్మనీకి చెందిన ఎయిర్‌టెక్ సంస్థ సైప్రెస్ అనే ఎలక్ట్రానిక్ పరికరాన్ని తెచ్చాక పరిస్థితి మారింది. కంటైనర్‌ను మూసి ఉంచే పిన్నును లాగే బదులు లూప్‌ను కోసే పద్ధతి దానితోనే స్థిరపడింది. ఇప్పుడు బెల్జియం నుంచి విజిల్, చెక్ దేశం నుంచి ఎం2 కూడా వాడకంలో ఉన్నాయి.

మీ వీపు మీద ఉన్నది ఏ మోడల్, ఏ మోడ్?

రిగ్ తొడుక్కునే ముందు ఈ ప్రశ్న అడగండి. అద్దె రిగ్ అయితే తప్పకుండా అడగండి. మోడ్ మారితే పరికరం పనిచేసే ఎత్తూ మారుతుంది, వేగమూ మారుతుంది.

సైప్రెస్‌లో అనుభవజ్ఞుల మోడ్‌ను ఎక్స్‌పర్ట్ అంటారు. సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో, అంటే గంటకు 126 కిలోమీటర్లకు పైగా పడుతూ, సుమారు 225 మీటర్ల ఎత్తుకు చేరితే అది లూప్‌ను తెంచుతుంది. విద్యార్థి మోడ్‌కు సెకనుకు 13 మీటర్లు చాలు. పూర్తి వేగంతో పడుతుంటే సుమారు 225 మీటర్ల దగ్గర, అంతకంటే నెమ్మదిగా, అంటే సగం తెరుచుకున్న పారాచూట్ కిందో, కట్‌అవే చేసిన, అంటే చెడిపోయిన మెయిన్‌ను వదిలించుకున్న వెంటనేనో ఉంటే సుమారు 300 మీటర్ల దగ్గర పనిచేస్తుంది. ఇద్దరు కలిసి దూకే టాండెమ్‌కు వేగం 35 మీటర్లే గానీ ఎత్తు సుమారు 580 మీటర్లు. ఇద్దరి బరువుకు పెద్ద పారాచూట్ కావాలి, అది తెరుచుకోవడానికి ఎక్కువ ఎత్తు కావాలి.

విజిల్ అంకెలు వేరు. దాని ప్రో మోడ్ సుమారు 256 మీటర్ల దగ్గర, విద్యార్థి మోడ్ సెకనుకు 20 మీటర్ల వేగం దాటితే సుమారు 317 మీటర్ల దగ్గర, టాండెమ్ మోడ్ సుమారు 622 మీటర్ల దగ్గర పనిచేస్తాయి. స్నేహితుడి పరికరం గురించి విన్న అంకెలను మీ పరికరానికి అంటగట్టవద్దు. మీ మాన్యువల్‌లో అచ్చయిన అంకెలే మీకు ప్రమాణం.

ఇప్పుడు 225 మీటర్ల ఎత్తు అంటే ఏమిటో లెక్క కట్టండి. సెకనుకు 53 మీటర్ల చొప్పున పడుతుంటే నేలకు మిగిలింది నాలుగు సెకన్లకు కాస్త ఎక్కువ. పైలట్ చూట్ ఎగరడం, తాళ్లు సాగడం, పారాచూట్ నిండడం, అన్నీ ఆ నాలుగు సెకన్లలోనే జరగాలి. ఎందుకు ఇంకాస్త ఎత్తున పెట్టలేదని మీరు అడగవచ్చు. పైన పెడితే, ఆలస్యంగానైనా మెయిన్‌ను సరిగా తెరుచుకుంటున్న మనిషి మీద కూడా పరికరం పనిచేసి, రెండు పారాచూట్లు ఒకేసారి గాలిలోకి వస్తాయి. ఆ ముప్పూ తక్కువది కాదు. అందుకే అంత కింద పెట్టారు. అంత కింద ఉంది కాబట్టే దాని మీద భారం వేయకూడదు.

పారామోటార్ మీద ఎగిరేవారికి ఒక మాట. మహబూబ్‌నగర్ ఆకాశంలో ఆ విన్యాసాలు చూసినవారిలో కొందరు, అందులోని రిజర్వ్ కూడా దానంతట అదే తెరుచుకుంటుందని అనుకుంటారు. పారామోటార్, పారాగ్లైడర్ రిజర్వ్‌ను పైలట్ చేత్తో లాగి గాలిలోకి విసరాలి. ఇక్కడ చెప్పే పరికరం వాటిలో ఉండదు.

కాగితాలు చూడండి

రిజర్వ్ కంటైనర్ మూసి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో మీకు కనిపించదు. కనిపించేది ప్యాకింగ్ కార్డు మాత్రమే. రిజర్వ్‌ను చివరిసారి మడిచిన తేదీ, మడిచిన రిగ్గర్ (పారాచూట్లు మడిచే, సరిచూసే అర్హత ఉన్న నిపుణుడు) సంతకం, ఏఏడీ వరుస సంఖ్య, తయారైన నెల, తర్వాతి తనిఖీ ఎప్పుడు అన్నవి చదవండి. అమెరికాలో రిజర్వ్‌ను 180 రోజులకు ఒకసారి విప్పి మళ్లీ మడవాలి. మీరు దూకే దేశంలో గడువు ఎంతో అడిగి, కార్డు మీది తేదీతో పోల్చండి. ఏఏడీకి కూడా తయారీదారు నిర్ణయించిన ఆయుష్షు ఉంటుంది. అది తీరిన పరికరం తెరమీద అంకెలు చూపుతున్నా సరే, దానితో దూకవద్దు.

సెకండ్ హ్యాండ్ రిగ్ కొంటున్నవారు ఇక్కడ బాగా ఆగాలి. ‘ఏఏడీ ఉంది’ అన్న మాటకు విలువ లేదు. ఆయుష్షు ఎంత మిగిలింది, తయారీదారు సర్వీసు ఎప్పుడు జరిగింది, నీళ్లలో పడిందా, ఏ మోడ్‌లో ఉంది, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. కొన్న తర్వాత మొదటి పని, అర్హత ఉన్న రిగ్గర్ చేత రిజర్వ్‌ను విప్పించి చూపించుకోవడం. లూప్ కట్టర్ రంధ్రంలోంచి వెళుతోందా లేదా అన్నది బయటి నుంచి తెలియదు. వెళ్లకపోతే పరికరం పేలినా తెగేది ఏమీ ఉండదు. కంటైనర్ విప్పినప్పుడు మీరూ పక్కనే ఉండి చూడండి. ఒక్కసారి కళ్లతో చూస్తే జీవితాంతం గుర్తుంటుంది.

ఆన్ చేయడం: ఎలా, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ

ఆన్ చేయడం రెండు నిమిషాల్లో నేర్చుకోవచ్చు. సైప్రెస్‌లో ఒక్క బటన్ ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కితే ఎర్ర దీపం మెరుస్తుంది. మెరిసిన వెంటనే మళ్లీ నొక్కాలి. ఇలా మొత్తం నాలుగు సార్లు. తొందరపడినా ఆలస్యమైనా పరికరం ఆన్ కాదు. ఎక్కడైనా ఒత్తుకుని పొరపాటున ఆన్ కాకూడదనే ఈ ఏర్పాటు. తర్వాత అది తనను తాను పరీక్షించుకుంటూ 10 నుంచి కిందికి లెక్కిస్తుంది. చివరికి సున్నా నిలవాలి. మధ్యలో ఆగిపోయి వేరే అంకె చూపిస్తే అది లోపానికి గుర్తు. మళ్లీ ప్రయత్నించినా అదే వస్తే రిగ్‌ను పక్కన పెట్టి రిగ్గర్‌కు చూపండి. ఆ రోజు దూకడం మానుకోవలసి వచ్చినా సరే.

ఎక్కడ ఆన్ చేయాలన్నదే అసలు సంగతి. పరికరం ఆన్ అయ్యేటప్పుడు అక్కడి పీడనాన్ని కొలిచి, ‘ఇదే నేల’ అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత లెక్కించే ప్రతి ఎత్తూ ఆ నేల నుంచే.

మన ప్రాంతంతోనే ఉదాహరణ చెబుతాను. మహబూబ్‌నగర్ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. నాగార్జునసాగర్ జలాశయం పూర్తిగా నిండితే నీటి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. సాగర్ చుట్టుపక్కల 200 మీటర్ల ఎత్తున ఒక మైదానంలో దూకే ఏర్పాటు ఉందని అనుకుందాం. మీరు తెల్లవారుజామున మహబూబ్‌నగర్‌లో ఇంట్లోనే ఏఏడీ ఆన్ చేసి, రిగ్ కారులో పెట్టుకుని వెళ్లారు. మీ పరికరం దృష్టిలో నేల 500 మీటర్ల దగ్గర ఉంది. దానికి 225 మీటర్ల పైన, అంటే సముద్ర మట్టానికి 725 మీటర్ల దగ్గర అది పనిచేస్తుంది. సాగర్ నేల నుంచి చూస్తే అది 525 మీటర్ల ఎత్తు. మీరు కాస్త ఆలస్యంగా 700 మీటర్ల దగ్గర మెయిన్ తెరవడానికి దాని పైలట్ చూట్‌ను విసిరారనుకోండి. మెయిన్ ఇంకా నిండుతుండగానే రిజర్వ్ కూడా బయటికి రావచ్చు.

ఇప్పుడు తిరగేసి చూడండి. సాగర్ దగ్గర ఆన్ చేసిన పరికరాన్ని అలాగే ఉంచి మహబూబ్‌నగర్ దగ్గర దూకితే? దాని లెక్క ప్రకారం పనిచేయవలసిన చోటు 200కు 225 కలిపితే 425 మీటర్లు. అక్కడ నేలే 500 మీటర్ల దగ్గర ఉంది. అంటే అది పనిచేయవలసిన చోటు భూమికి 75 మీటర్ల లోపల ఉంది. మీ వీపు మీద ఏఏడీ ఉన్నా లేనట్టే.

వాతావరణంతో పాటు మెల్లగా మారే పీడనాన్ని ఈ పరికరాలు నేల మీద ఉన్నంతసేపూ గమనించి సర్దుకుంటాయి. దాన్ని చూసి, ప్రయాణాన్ని కూడా అవే సర్దుకుంటాయని అనుకోవద్దు. సైప్రెస్ మాన్యువల్ చెప్పేది స్పష్టంగా ఉంది. కింది సందర్భాల్లో పరికరాన్ని ఆపి, దూకే మైదానంలోనే మళ్లీ ఆన్ చేయాలి:

- ఎత్తు తేడా 10 మీటర్లకు మించిన మరో డ్రాప్ జోన్‌కు, అంటే దూకి దిగే మైదానానికి చేరినప్పుడు.
- రిగ్‌తో డ్రాప్ జోన్ దాటి వాహనంలోనో నడిచో వెళ్లి తిరిగి వచ్చినప్పుడు. భోజనానికి పక్క ఊరికి వెళ్లి వచ్చినా ఇదే నియమం.
- మైదానానికి దూరంగా దిగి, తిరిగి చేరేసరికి విమానం ఎక్కినప్పటి నుంచి గంటన్నర దాటినప్పుడు.
- ఆన్ చేసి 14 గంటలు గడిచేలా ఉన్నప్పుడు. ఆ సమయానికి పరికరం తనంతట తానే ఆగిపోతుంది.

అనుమానం వస్తే ఆపి ఆన్ చేయండి. దీనివల్ల పోయేదేమీ లేదు.

విమానం ఎక్కే చోటు ఒకటి, దిగే చోటు మరొకటి అయితే ఇంకో మెట్టు ఉంది. ప్రదర్శనల కోసం దూకేటప్పుడు ఇలా జరుగుతుంది. రెండు చోట్ల ఎత్తుల తేడాను పరికరంలో ముందే నమోదు చేయాలి. అమ్రాబాద్ పీఠభూమి అంచున నిలబడి కృష్ణ లోయలోకి చూసినవారికి, కొద్ది కిలోమీటర్లలో నేల ఎంత లోతుకు దిగిపోతుందో చెప్పనక్కరలేదు. నల్లగొండ పట్టణాన్ని ఆనుకున్న గుట్టల్లాంటివి డ్రాప్ జోన్ పక్కన ఉన్నా ఇదే లెక్క వర్తిస్తుంది. పరికరం మైదానం నుంచి కొలుస్తుంది. మీరు గాలికి కొట్టుకుపోయి గుట్ట మీదికి చేరితే, ఆ గుట్ట ఎత్తు మేరకు మీ 225 మీటర్లలో కోత పడుతుంది. అందుకే ఎక్కే ముందు చుట్టుపక్కల భూమి పటం ఒకసారి చూడాలి.

చేతికి కట్టుకునే ఆల్టిమీటర్ వేరే పరికరం. దాన్ని మీరే సున్నాకు తేవాలి. మన ప్రాంతంలో వాన లేని మామూలు రోజున కూడా ఉదయం పది గంటలకు, సాయంత్రం నాలుగు గంటలకు మధ్య పీడనం సుమారు మూడు హెక్టోపాస్కల్‌లు పడిపోతుంది. ఎత్తులో చెప్పాలంటే 25 మీటర్ల దాకా తేడా. ఉదయం సున్నాకు తెచ్చిన ముల్లును సాయంత్రం దాకా నమ్మకుండా, ప్రతిసారీ విమానం ఎక్కే ముందు చూసుకోండి.

ఎండ, కారు డిక్కీ

మిర్యాలగూడ, నల్లగొండ ఎండలు తెలిసినవారికి ఇది ముఖ్యం. సైప్రెస్ పనిచేయడానికి తయారీదారు చెప్పిన పై హద్దు 63 డిగ్రీల సెల్సియస్. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే ఎక్కువే వేడెక్కవచ్చు. లోపల ఉన్నది బ్యాటరీ, మందుగుండు, సున్నితమైన పీడన సెన్సార్. రిగ్‌ను కారులో వదిలి భోజనానికి వెళ్లవద్దు. ఎండలో పరచిన తార్పాలిన్ మీద కూడా వదలవద్దు. నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. ఎండ తగిలితే పారాచూట్ నైలాన్ బట్టకూ హాని జరుగుతుంది.

ఆన్ చేసిన రిగ్‌ను డిక్కీలో పెట్టి తలుపు గట్టిగా మూయడం కూడా చెడు అలవాటు. మూసిన చోట ఒక్కసారిగా పీడనం పెరగడాన్ని కొన్ని పరికరాలు వేగంగా కిందికి పడటంగా పొరబడే అవకాశం ఉంది. ప్రయాణంలో ఏఏడీ ఆఫ్‌లోనే ఉండాలి.

విమానంలో

పైకి ఎక్కేటప్పుడు ఒక ఎత్తు దాటేదాకా పరికరం సిద్ధం కాదు. సైప్రెస్ ఎక్స్‌పర్ట్‌లో అది సుమారు 450 మీటర్లు, టాండెమ్‌లో సుమారు 900 మీటర్లు. అంతకు ముందే ఇంజిన్ ఆగి విమానం నుంచి బయటపడవలసి వస్తే ఏఏడీ మీకు తోడు లేదు. ఆ ఎత్తున ఉండాలా, దూకాలా, దూకితే ఏ పారాచూట్ లాగాలి అన్నది పైలట్‌తో, ఇన్‌స్ట్రక్టర్‌తో నేల మీదే మాట్లాడుకుని, ఎక్కే ముందు ఒకసారి చెప్పించుకోవాలి.

వాతావరణం చెడి, దూకకుండా విమానంలోనే తిరిగి దిగవలసి వస్తే విద్యార్థి మోడ్ గురించి పైలట్‌కు గుర్తు చేయండి. విమానం సెకనుకు 13 మీటర్లకు మించి దిగితే, ఆ పరికరం దాన్ని పడిపోవడంగానే లెక్కిస్తుంది. విమానం లోపల రిజర్వ్ విచ్చుకుని తలుపు గుండా బయటికి లాగితే, ఆ మనిషితో పాటు విమానంలో ఉన్న అందరి ప్రాణాలకూ ముప్పే. నెమ్మదిగా దిగాలి, తలుపు మూసి ఉంచాలి.

తలుపు తెరిచే ముందు ఒకరి వెనుక ఒకరు పిన్నులు చూసుకోవడం ఆచారం. అదే సమయంలో ఏఏడీ తెర కూడా చూడమని అడగండి.

పడుతున్నప్పుడు: పరికరం లేదనుకునే దూకండి

మీ ప్రణాళికలో ఏఏడీ పేరు ఉండకూడదు. ‘ఈ ఎత్తున మెయిన్ తెరుస్తాను, ఈ ఎత్తులోగా అది సరిగా ఉందో లేదో తేల్చుకుంటాను, లేకపోతే కట్‌అవే చేసి రిజర్వ్ లాగుతాను’ అన్నంత వరకే ప్రణాళిక. అమెరికా పారాచూట్ సంఘం నియమాల ప్రకారం విద్యార్థులు, మొదటి మెట్టైన ‘ఏ’ (A) లైసెన్సు ఉన్నవారు 3,000 అడుగులకు, అంటే సుమారు 900 మీటర్లకు తగ్గకుండా మెయిన్ విసరాలి. దాన్ని ఉంచుకోవాలా వదలాలా అన్న నిర్ణయం 2,500 అడుగులకు దిగేసరికే తేలాలి. పై లైసెన్సులున్న అనుభవజ్ఞులకు ఒకప్పుడు 2,000 అడుగులుగా ఉన్న కనీస ఎత్తును ఆ సంఘం 2,500 అడుగులకు పెంచింది. నెమ్మదిగా తెరుచుకునే కొత్త తరం మెయిన్‌లకు, కింద కాచుకుని ఉండే ఏఏడీకి మధ్య తగినంత ఖాళీ ఉండాలన్నది అందులోని ఒక ఆలోచన.

900 మీటర్ల నుంచి 225 మీటర్లకు పడటానికి పట్టేది 13 సెకన్ల లోపు. మెయిన్ రాలేదని గ్రహించి, హ్యాండిల్ వెతికి, కట్‌అవే చేసి, రిజర్వ్ లాగాలంటే అందులో సగం పోతుంది. అందుకే నేల మీద హ్యాండిళ్లను చూసి, పట్టుకుని, లాగే సాధన రోజూ చేయాలి. చేయి ఆలోచించకుండా వెళ్లేంతగా చేయాలి.

ఇక అతి ముఖ్యమైన విషయం. ఎక్స్‌పర్ట్ మోడ్‌కు సెకనుకు 35 మీటర్ల వేగం కావాలని పైన చెప్పాను. మెయిన్ సగం తెరుచుకుని, ఒకవైపు ముడి పడి గిరగిరా తిప్పుతూ సెకనుకు 20 మీటర్ల వేగంతో మిమ్మల్ని నేలకు తెస్తోందనుకోండి. మనిషి ప్రాణం తీయడానికి ఆ వేగం చాలు, పరికరాన్ని కదిలించడానికి మాత్రం చాలదు. అది చివరిదాకా మౌనంగా ఉంటుంది. అక్కడ కాపాడగలిగేది మీ చేయి ఒక్కటే: కట్‌అవే హ్యాండిల్, ఆ తర్వాత రిజర్వ్ హ్యాండిల్. చెడిపోయిన మెయిన్‌ను ఏఏడీ ఎప్పుడూ వదిలించదు. కట్‌అవే చేయగానే రిజర్వ్‌ను లాగే ఆర్‌ఎస్‌ఎల్ అనే పట్టీ వేరే ఏర్పాటు. మీ రిగ్‌లో అది ఉందో లేదో, తగిలించి ఉందో లేదో చూసుకోండి.

చాలా కింద కట్‌అవే చేసి, ఏఏడీ ఉందిలే అని రిజర్వ్ లాగకుండా ఆగడం అన్నిటికంటే పెద్ద తప్పు. కట్‌అవే చేసిన మనిషి మళ్లీ సెకనుకు 35 మీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు నాలుగు సెకన్లు పడుతుంది. ఆ లోపు దిగిపోయే ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. రెండు హ్యాండిళ్లు వెంటవెంటనే లాగాలి.

రెండు పారాచూట్లు కలిసి వస్తే

మెయిన్‌ను ఆలస్యంగా విసిరితే, అది నిండే లోపే ఏఏడీ పనిచేసి రెండూ పైన నిలుస్తాయి. మూడు రకాలుగా నిలుస్తాయి. ఒకదాని వెనుక ఒకటి నిలిస్తే కదిలించకుండా, ముందున్నదాన్ని మాత్రం మెల్లగా నడుపుతూ దిగాలి. కట్‌అవే చేయకూడదు. పక్కపక్కన నిలిచి, ఒకదానితో ఒకటి చిక్కుపడకుండా ఉంటే ఏం చేయాలన్నది మీ పారాచూట్ల పరిమాణాన్ని బట్టి, మీ శిక్షణను బట్టి ఉంటుంది. దానికి జవాబు మీ ఇన్‌స్ట్రక్టర్ నోటి నుంచే వినండి. రెండూ ఎడమొహం పెడమొహంగా విడిపోయి మిమ్మల్ని నేరుగా నేలకు లాగుతుంటే ఆలస్యం చేయకుండా మెయిన్‌ను కట్‌అవే చేయాలి. ఈ మూడింటి బొమ్మలు తరగతిలో గోడ మీద ఉంటాయి. వాటి ముందు నిలబడి, ఏది కనిపిస్తే చేయి ఎటు వెళ్లాలో పైకి చెప్పుకుంటూ సాధన చేయండి.

విద్యార్థి మోడ్‌లో ఉన్నవారికి ఇంకో జాగ్రత్త. మెయిన్ చక్కగా తెరుచుకున్నాక ఉత్సాహంగా గట్టి మలుపులు తిప్పితే, దిగే వేగం సెకనుకు 13 మీటర్లు దాటవచ్చు. 300 మీటర్ల దగ్గరలో అలా చేస్తే, బాగున్న పారాచూట్ కింద ఉండగానే రిజర్వ్ బయటికి వస్తుంది. కిందికి వచ్చేకొద్దీ మలుపులు చిన్నవిగా, మెత్తగా ఉండాలి.

టాండెమ్‌గా దూకేవారు, వారి ఇంట్లోవారు అడగవలసినవి

ఒక్కసారి దూకి రావాలనుకునేవారు బటన్లు నొక్కనక్కరలేదు. కానీ అడిగే హక్కు మీకు ఉంది. టాండెమ్ రిగ్‌లో ఏఏడీ ఉండి తీరాలని అమెరికా చట్టం చెబుతుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించిన జాతీయ వైమానిక క్రీడల విధానంలో స్కైడైవింగ్ కూడా ఉంది. నిర్వాహకులను నేరుగా అడగండి: ఏఏడీ ఏ మోడల్, టాండెమ్ మోడ్‌లో ఉందా, ఈ రోజు ఈ మైదానంలోనే ఆన్ చేశారా, రిజర్వ్‌ను చివరిసారి మడిచింది ఎప్పుడు, కార్డు చూపిస్తారా, ఇన్‌స్ట్రక్టర్‌కు టాండెమ్ రేటింగ్ ఉందా, విమానానికీ ఈ కార్యక్రమానికీ పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) అనుమతులు ఉన్నాయా. శ్రద్ధగా నడిపేవారు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు, కార్డు తీసి చూపిస్తారు. విసుక్కుంటే డబ్బు వెనక్కి అడిగి వచ్చేయండి. కడుపున పుట్టినవారు ఆకాశంలోకి వెళుతున్నారంటే తల్లిదండ్రులకు బెంగ సహజం. ‘ఏం కాదులే’ అని దాటవేయకుండా, ఈ జవాబులు వారికి కూడా వినిపించండి.

దిగిన తర్వాత

నీళ్లలో దిగితే, అది సాగర్ వెనుక జలాలైనా ఊరి చెరువైనా, రిగ్‌ను అలాగే ఆరబెట్టి మళ్లీ వాడవద్దు. రిజర్వ్‌ను విప్పి ఆరబెట్టాలి, సైప్రెస్‌లోని ఫిల్టర్ మార్చాలి. ఇది రిగ్గర్ పని. మామూలుగా దిగితే, ఆ రోజుకు ఇక దూకడం లేదన్నప్పుడు, ఆన్ చేసిన పద్ధతిలోనే ఆఫ్ చేసి సంచిలో పెట్టండి.

ఏఏడీ ఎప్పుడైనా పనిచేస్తే, మీకు గాయం కాకపోయినా, ఆ రోజుకు దూకడం ఆపండి. వాడిన కట్టర్ మళ్లీ పనికి రాదు, కొత్తది వేయించాలి. లూప్ కొత్తది కావాలి, రిజర్వ్‌ను పూర్తిగా పరిశీలించి మడవాలి. మీ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని ఏ ఎత్తున ఏం చేశారో క్రమంగా చెప్పండి. ఎవరైనా వీడియో తీసి ఉంటే చూడండి, పరికరం నమోదు చేసిన వివరాలు ఉంటే తీయించండి. చేయి హ్యాండిల్ దాకా ఎందుకు వెళ్లలేదో తేలాక, ఆ సాధన మళ్లీ నేల మీద చేసి, ఇన్‌స్ట్రక్టర్ సరేనన్న తర్వాతే తిరిగి విమానం ఎక్కండి.